కొత్తిమీర తుంచితే వంట వచ్చినట్టు కాదు

ఒడిశాలోని బరంపురంలో తెలుగువాళ్లు కత్తిపీట అనేదాన్ని పక్కింటి ఒడియావాళ్లు 'పనికి' అంటారు. పనిముట్టు ఒకటే. పీటను కాలితో అదిమిపట్టి, నిలబడి ఉన్న కత్తికి కూరగాయను నెడుతూ తరగాలి. గంజాం, గజపతి, రాయగడ, కొరాపుట్ జిల్లాల్లో తెలుగు ఇళ్లూ ఒడియా ఇళ్లూ గోడకు గోడ ఆనుకుని ఉంటాయి కాబట్టి వంటగదిలో ఇలాంటి జంట పేర్లు చాలా ఉన్నాయి. గంజి అంటే పేజ, ఉప్పుడు బియ్యం అంటే ఉసునా, పచ్చి బియ్యం అంటే అరువా, చోళ్లు (రాగులు) అంటే మాండియా, వడియం అంటే బొడి. పులిసిన అన్నపు నీళ్లను, అంటే తరవాణిని, తోరాణి అంటారు. ఈ ఆఖరి రెండు మాటలూ ఒకే ఇంటివని చెవికే తెలిసిపోతుంది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రమై, మద్రాసు కింద ఉన్న ఈ ప్రాంతం అటు వెళ్లింది. గీత కాగితం మీద పడింది గానీ కుండలు మారలేదు.

ఇక్కడి తెలుగు ఇళ్లలో పదిహేనేళ్ల పిల్లలకు ఈ రెండు వరసల పేర్లూ వచ్చు. కత్తిపీట ముందు కూర్చుని అరకిలో బెండకాయలు తరగమంటే మాత్రం చాలామందికి చేతకాదు. ఇది పిల్లల బద్ధకం అనుకుంటే పొరపాటు. వాళ్లను ఆ పీట మీద ఎవరూ కూర్చోబెట్టలేదు.

ఒకప్పుడు వంట నేర్పేవాళ్లంటూ ప్రత్యేకంగా ఉండేవాళ్లు కాదు. ఇంట్లో పదిమంది తినాలంటే నలుగురు పనిలోకి దిగాల్సిందే, ఆ నలుగురిలో పన్నెండేళ్ల పిల్ల ఒకతి ఉండేది. మగపిల్లాడు మాత్రం సంత నుంచి సంచి మోసుకొచ్చి వంటగది గుమ్మంలో దించి వెళ్లిపోయేవాడు. అంటే ఆ పద్ధతి అందరికీ నేర్పిందేమీ కాదు, సగం మందికే నేర్పింది. దాన్ని తలుచుకుని నిట్టూర్చాల్సిన పని లేదు. ఇప్పుడు ఆ సగం మందికీ నేర్పడం లేదన్నది వేరే సంగతి.

దీనికి పెద్ద కారణం గడియారం. సాయంత్రం ఇంట్లో పొయ్యి వెలిగే వేళకే పిల్లలు ట్యూషన్‌లో ఉంటారు. తొమ్మిదో తరగతి దాటాక ఎంట్రన్స్ కోచింగ్ తోడవుతుంది. తిరిగొచ్చేసరికి కంచం ముందుంటుంది. ఆదివారం ఒక్కటీ మిగులుతుంది కానీ, ఆ రోజు అమ్మకు కాస్త మంచి వంట చేయాలని ఉంటుంది, పిల్లల చేత చేయిస్తే మధ్యాహ్నం మూడవుతుంది. దాంతో "నువ్వు చదువుకో, నేను చేసేస్తాను" అన్న మాట ఇంటింటా వినపడుతుంది. ప్రేమతో అన్న మాటే గానీ, దాని వల్ల పద్దెనిమిదేళ్లకు భువనేశ్వర్‌కో విశాఖకో హైదరాబాద్‌కో చదువుకు వెళ్లే పిల్ల హాస్టల్ తిండి పడక, గదిలో ఇండక్షన్ స్టవ్ ఉన్నా నూడుల్స్ దాటి ముందుకు పోలేదు. గంజాం నుంచి సూరత్ పవర్‌లూమ్‌లకు దశాబ్దాలుగా సాగుతున్న వలసలో ఇదే ఇంకాస్త కటువుగా కనిపిస్తుంది. అక్కడికి చేరిన కుర్రాళ్లకు మెస్ భోజనం ఒక దారి, గదిలో వంతులు వేసుకుని వండుకోవడం ఇంకో దారి. అన్నం వార్చడం మొదటిసారి అక్కడ, పన్నెండు గంటల షిఫ్టు తర్వాత నేర్చుకోవడం ఏ కుర్రాడికైనా కష్టమే.

మరి పిల్లలు ఇంట్లో అసలేమీ చేయరా అంటే, చేస్తారు. వెల్లుల్లి ఒలుస్తారు, కొత్తిమీర తుంచుతారు, ఫ్రిజ్‌లోంచి పెరుగు తెస్తారు, చపాతీ ఒత్తుతారు. తల్లిదండ్రులు దీన్నే "వంటలో సాయం చేస్తుంది" అంటారు. ఏళ్ల తరబడి ఇలా సాయం చేసినా వంట రాదు. వంట అంటే వరసగా తీసుకునే చిన్న చిన్న నిర్ణయాలు. మంట ఎప్పుడు తగ్గించాలి, పులుపు ఎప్పుడు వేయాలి, నీళ్లు ఇంకొంచెం పడతాయా, ఉప్పు సరిపోయిందా. సాయం చేసే పిల్లకు వీటిలో ఒక్కటీ తేల్చుకునే అవసరం రాదు. అన్నీ అమ్మే తేల్చేస్తుంది, అదీ పైకి చెప్పకుండా. ముప్పై ఏళ్ల అలవాటులో ఆ నిర్ణయాలు ఆమెకే తెలియనంతగా చేతుల్లోకి వెళ్లిపోయి ఉంటాయి. "ఎంత ఉప్పు?" అని అడిగితే "సరిపడా" అనడం దాచుకోవడం కాదు, ఆమెకు తెలిసిన నిజమైన జవాబు అదే.

అందుకే పది వంటల్లో తలా కొంచెం చేయించడం కన్నా, ఒక్క వంటను మొదటి నుంచి చివరి దాకా అప్పగించడం మేలు. ఉదాహరణకు గురువారం రాత్రి పప్పు ఏడో తరగతి పిల్లాడిది అనుకుందాం. పప్పు డబ్బాలో ఉందో లేదో చూసుకోవడం, లేకపోతే తెచ్చుకోవడం, నానబెట్టడం, ఉడికించడం, పోపు పెట్టడం, చివర గిన్నె తోమడం అన్నీ వాడివే. మొదటి వారం పప్పు గట్టిగా ఉంటుంది, రెండో వారం ఉప్పు ఎక్కువవుతుంది, మూడో వారం పోపు మాడుతుంది. నాలుగు వారాలు ఇంట్లోవాళ్లు నోరు మూసుకుని తినగలగాలి, ఈ పద్ధతిలో కష్టమైన పని ఇదే. మాడిన పోపు మీద నాన్న వేసే ఒక్క జోకు నెల రోజుల పనిని పాడు చేయగలదు. పోయేది మహా అయితే పావుకిలో కందిపప్పు.

పప్పుతో మొదలుపెట్టమనడానికి కారణం ఉంది. ఇక్కడి పిల్లలు రెండు రకాల పప్పులు తింటూ పెరుగుతారు. బడిలో మధ్యాహ్న భోజనంలో డాల్మా, ఇంట్లో ముద్దపప్పు, మామిడికాయ పప్పు, తోటకూర పప్పు. డాల్మాలో గుమ్మడి, అరటికాయ, బొప్పాయి కాయ, వంకాయ, చేమదుంప లాంటివి పప్పుతో పాటే ఉడుకుతాయి. చివర నెయ్యిలో వేగిన పంచఫుటణ అనే అయిదు గింజల పోపు, పైన వేయించి దంచిన జీలకర్ర, ఎండుమిర్చి పొడి. ఈ రెండింటినీ పక్కపక్కన వండిస్తే చెప్పకుండానే ఒక సంగతి తెలుస్తుంది. పప్పు మెత్తబడక ముందే చింతపండో మామిడికాయో పడితే గింజ గట్టిగానే ఉండిపోతుంది, ఎందుకంటే పులుపు ఆ గింజలోని పెక్టిన్‌ను కరగనివ్వదు. "ముందు పప్పు ఉడకనీ, తర్వాత పులుపు వెయ్" అనే మామ్మ మాట వెనుక ఉన్నది ఈ రసాయనమే. పిల్లాడు ఒకసారి తప్పు వరసలో వేసి, గంటసేపు గరిటెతో మెదిపి, చివరికి పలుకు పలుకుగా ఉన్న పప్పు తిన్నాడంటే ఇక మర్చిపోడు.

ఊరిని బట్టి కూడా పప్పు మారుతుంది. బరంపురం సముద్రానికి దగ్గర, కొరాపుట్ 850 మీటర్లకు పైన కొండల మీద. ఎత్తు పెరిగే కొద్దీ నీళ్లు తక్కువ వేడికే మరుగుతాయి, కొరాపుట్‌లో సుమారు 97 డిగ్రీలకే. అందుకే బరంపురం అమ్మమ్మ చెప్పిన లెక్క కొరాపుట్‌లో మామూలు గిన్నెకు సరిపోదు, పప్పు ఇంకాసేపు అడుగుతుంది. కుక్కర్ అయితే లోపలి ఒత్తిడి వల్ల నీళ్లు దాదాపు 120 డిగ్రీల దాకా వేడెక్కుతాయి కాబట్టి ఈ తేడా పెద్దగా తెలియదు. యూట్యూబ్‌లో ఒక కప్పుకు ఇన్ని విజిల్స్ అని చెప్పే వీడియోకు ఈ ఊళ్ల ఎత్తులూ తెలియవు, ఇంట్లో ఉన్నది ఏడాది నిలవున్న కందిపప్పు అనీ తెలియదు. వీడియోలు పనికిరావని కాదు. ఏదైనా కొత్త వంటకు దారి చూపిస్తాయి. ఆగి, రెండు వేళ్ల మధ్య గింజను నలిపి చూడమని మాత్రం ఇంట్లో మనిషే చెప్పాలి.

అన్నం సంగతి ఇంకా లోతైనది. ఎలక్ట్రిక్ కుక్కర్ మీట నొక్కడమే అన్నం వండటం అనుకునే పిల్లలు పెరిగారు గానీ, ఈ జిల్లాల్లో ఎసరు పెట్టి గంజి వార్చే ఇళ్లు ఇంకా ఉన్నాయి. రేషన్ ఉప్పుడు బియ్యమూ, కొన్న పచ్చి బియ్యమూ ఒకే ఇంట్లో ఉండటం మామూలే. రెంటినీ ఒకే సమయానికి దించితే ఒకటి ముద్దవుతుంది, ఇంకొకటి పలుకుగా ఉంటుంది. ధాన్యాన్ని పొట్టుతోనే నానబెట్టి, ఉడికించి, ఎండబెట్టి ఆడించినవే ఉప్పుడు బియ్యం. ఆ ఉడుకులో పొట్టు కింది పొరల్లోని బి విటమిన్లు కొంత గింజ లోపలికి చేరతాయి. అందుకే గంజి వార్చినప్పుడు పచ్చి బియ్యానికి పోయినంతగా దీనికి పోవు. పిల్లలకు ఇది చెప్పి, వార్చిన గంజిని పారబోయకుండా ఉప్పూ మజ్జిగా కలిపి తాగించే ఇళ్లు తెలివైన ఇళ్లు.

వార్చడం మాత్రం చిన్నపిల్లల పని కాదు. మరిగే గిన్నెకు మూత అదిమిపట్టి వంచడానికి బలమూ ఎత్తూ రెండూ కావాలి. ఎనిమిదేళ్లవాళ్లకు బియ్యం కడగడం, పదకొండేళ్లవాళ్లకు ఎసరు చూసి మెతుకు పట్టి చెప్పడం, పద్నాలుగు దాటాక వార్చడం అనేది ఉజ్జాయింపు. వయసు కన్నా పిల్లల ఎత్తు, నిదానం చూసుకోవాలి.

మిగిలిన అన్నం దగ్గర నేర్పవలసింది ఇంకోటి ఉంది. ఒడిశాలో మార్చి 20ని పఖాళ దిబసగా జరుపుకుంటారు. అన్నాన్ని నీళ్లలో వేసి పులియబెట్టి, వేయించిన బొడి, ఆలూ భర్తా, చేప వేపుడుతో తింటారు. తెలుగువాళ్ల చద్దన్నం, తరవాణి దీనికి చుట్టాలే. పిల్లలకు వచ్చే సందేహం న్యాయమైనది: రాత్రి అన్నం బయట వదిలేస్తే పాడైందంటారు, నీళ్లు పోసి వదిలేస్తే మంచిదంటారు, ఏమిటి తేడా? బాసిల్లస్ సీరియస్ అనే బాక్టీరియా బీజాలు వంట వేడికి చావవు. అన్నం గోరువెచ్చగా ఉన్న గంటల్లో అవి మొలిచి పెరిగి ఒక రకం విషాన్ని తయారుచేస్తాయి, మళ్లీ వేడి చేసినా అది పోదు. చద్దన్నానికి అన్నాన్ని చల్లార్చి, శుభ్రమైన నీళ్లలో ముంచుతారు. అక్కడ లాక్టిక్ ఆమ్లం తయారుచేసే బాక్టీరియా పెరిగి నీళ్లను పులుపెక్కిస్తుంది, పులుపులో చెడ్డవాటికి ఎదుగుదల తక్కువ. కాబట్టి అన్నాన్ని చల్లార్చడం, మంచి నీళ్లు పోయడం, మర్నాడే తినేయడం, జిగురో వేరే వాసనో వస్తే పారబోయడం అనేవి ముసలివాళ్ల చాదస్తాలు కావు. పదమూడేళ్ల పిల్లకు సైన్స్ పుస్తకంలో కిణ్వ ప్రక్రియ పాఠం ఉన్న ఏడాదే ఇంట్లో తరవాణి కుండ అప్పగిస్తే రెండూ ఒకదానికొకటి అర్థమవుతాయి.

ఇక పోపు. తెలుగు పోపులో ఆవాలు, మినపప్పు, జీలకర్ర, ఎండుమిర్చి, కరివేపాకు. పంచఫుటణలో ఆవాలు, జీలకర్ర, మెంతులు, సోంపు, నల్లజీలకర్ర. ఏది ముందు పడాలన్నది గింజ స్వభావం చెబుతుంది. ఆవాలు చిటపటలాడేదాకా నూనె వేడెక్కలేదని లెక్క. జీలకర్ర త్వరగా మాడుతుంది, మెంతులు నల్లబడితే కూరంతా చేదు. నూనె కూడా ఒకటి కాదు. పక్కింట్లో చూసి ఆవనూనె వాడేవాళ్లు దాన్ని పొగ వచ్చేదాకా కాచి ఘాటు తగ్గిస్తారు. అదే పని వేరుశనగ నూనెతోనో పొద్దుతిరుగుడు నూనెతోనో చేయకూడదు. పిల్లలు రెండు రకాల ఇళ్లలో తిరుగుతారు కాబట్టి ఈ తేడా విడమర్చి చెప్పాల్సిందే.

కొలతలకు ఇంట్లో పుస్తకం అక్కర్లేదు, బడి దగ్గరే ఒక లెక్క ఉంది. ప్రధానమంత్రి పోషణ్ (బడి మధ్యాహ్న భోజన) పథకం కింద ఆరు నుంచి ఎనిమిదో తరగతి పిల్లలకు ఒక పూటకు 150 గ్రాముల బియ్యం, 30 గ్రాముల పప్పు, 75 గ్రాముల కూరగాయలు, 7.5 గ్రాముల నూనె అని కొలత. నలుగురికి 600 గ్రాముల బియ్యం, 120 పప్పు, 300 కూరగాయలు, 30 గ్రాముల నూనె. నూనె అంటే రెండు పెద్ద చెంచాలకు కొంచెం పైన. ఒక ఆదివారం తూకం వేసి ఈ లెక్కన వండిస్తే, ఇంట్లో మామూలుగా పడే నూనె ఎంతో పిల్లలే తేలుస్తారు. పెద్దలకు అది అంత సంతోషం కలిగించకపోవచ్చు. ఉప్పుదీ అదే కథ. ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజుకు మనిషికి 5 గ్రాముల లోపు అంటుంది. బరంపురం పచ్చళ్లు, అప్పడాలు, ఎండుచేప అన్నీ ఒకే కంచంలో చేరితే ఆ లెక్క మధ్యాహ్నానికే దాటుతుంది.

మగపిల్లల విషయం ప్రత్యేకంగా చెప్పుకోవాలి. 2019 జాతీయ సమయ వినియోగ సర్వేలో, జీతం లేని ఇంటిపని చేసే ఆడవాళ్లు రోజుకు సగటున 299 నిమిషాలు దానికి వెచ్చిస్తుంటే, చేసే మగవాళ్లు 97 నిమిషాలు. అసలు ఆ పనిలో చేయి పెట్టే మగవాళ్లే నాలుగో వంతు పైన కొద్దిమంది. వంట ఆడపని అనే మాటకు ఈ ప్రాంతంలో పస లేదు. పురీ జగన్నాథుడి వంటశాలలో మట్టికుండలు ఒకదానిపై ఒకటి పేర్చి కట్టెల పొయ్యి మీద వండే సుఆరులు మగవాళ్లే. పెళ్లిళ్లలో గుండిగలు దించేదీ మగవాళ్లే. నలుడూ భీముడూ సరేసరి. అంటే మగవాడు వండితే అది దేవుడి సేవో, వృత్తో, పురాణమో అవుతుంది. రోజూ ఇంట్లో నలుగురికీ వండటం మాత్రం వాటిలో దేనికిందా రాదు. కుర్రాడికి ఆదివారం చికెన్ కూర నేర్పి మురిసిపోతే ఆ తేడా ఇంకా గట్టిపడుతుంది. వాడికి అప్పగించవలసింది మంగళవారం రాత్రి చారు.

గోపాల్‌పూర్, ఆర్యపల్లి తీరంలో తెలుగు మాట్లాడే మత్స్యకారుల ఇళ్లలో పిల్లలు చేపను చూసి తాజాదనం చెప్పగలరు. కన్ను తేటగా ఉందా, మొప్ప ఎర్రగా ఉందా, వేలితో నొక్కితే గుంట మళ్లీ పూడుతుందా అని చూస్తారు. పట్నంలో ఇంగ్లీషు మీడియం పిల్లలకు ఈ చదువు లేదు. రాయగడ, గుణుపురం వైపు సంతలో వెదురు కొమ్ములు, పనసకాయ, అల్లం, పచ్చి పసుపు బేరమాడి కొనడం కూడా వంటలో భాగమే. సంచి మోయడం దగ్గరే ఆగిపోయిన మగపిల్లాడికి బేరం కూడా నేర్పవచ్చు.

భాష గురించి ఒక మాట. ఈ పిల్లల్లో చాలామంది బడిలో ఒడియా, ఇంగ్లీషు చదువుతారు. తెలుగు మాట్లాడతారు గానీ చదవలేరు. వాళ్ల తెలుగులో కూరగాయల పేర్లు మిగిలే ఉన్నాయి, జారిపోతున్నవి వంట క్రియలు. వార్చు, మగ్గనివ్వు, ఇగరబెట్టు, దోరగా వేయించు, చిదుము, మెదుపు, తాలింపు వెయ్. పనసపొట్టు కూరకు ఆవ పెట్టడం అంటే ఏమిటో నిఘంటువు చూసి తెలుసుకోలేరు. ఆవాలు నూరి, పొయ్యి దించాక, చల్లారే కూరలో కలిపితేనే తెలుస్తుంది. వేడి మీద కలిపితే చేదెక్కుతుందని ముక్కుకూ నాలుకకూ తెలియాలి. పర్లాకిమిడిలో పాఠాలు చెప్పి, వాడుక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి పంతులు సవర గిరిజనుల మాటల్ని వాళ్లు పలికే చోటే విని రాసుకున్నారు. ఇంటి తెలుగుకు అలాంటి చోటు ఇప్పుడు పొయ్యి దగ్గరే ఉంది.

జాగ్రత్తలు క్లుప్తంగానే అయినా కచ్చితంగా చెప్పాలి. వంటగ్యాస్ గాలి కన్నా బరువు, నేల మీదే పేరుకుంటుంది. వాసన వస్తే స్విచ్ ముట్టుకోకుండా రెగ్యులేటర్ ఆపి, తలుపులు తీసి, బయటికి వచ్చి 1906కు ఫోన్ చేయాలి. మూకుడులో నూనె అంటుకుంటే నీళ్లు పోయకూడదు, పొయ్యి ఆపి మూత పెట్టాలి. చేయి కాలితే కుళాయి నీటి ధార కింద 20 నిమిషాలు, టూత్‌పేస్ట్ వద్దు. కుక్కర్‌లో పప్పు సగానికి మించి పోయకూడదు, ఆవిరి పూర్తిగా పోనిదే మూత లాగకూడదు. వీటిని గోడకు అంటించడం కన్నా రెండుసార్లు చేసి చూపించడం నయం. చున్నీ, వదులు చేతులు పొయ్యి దగ్గర ఎలా ఉంటాయో కూడా అప్పుడే కనబడుతుంది.

ఇదంతా ఎప్పుడు మొదలుపెట్టాలన్న ప్రశ్నకు ఒడియా పంచాంగంలో ఒక చక్కటి వీలుంది. జూన్ నడుమ మిథున సంక్రాంతి చుట్టూ మూడు రోజుల రజ పండగ వస్తుంది. కటక్, పురీ, బాలేశ్వర్ వైపు జోరుగా జరుగుతుంది. భూమికి విశ్రాంతి అంటూ ఆ మూడు రోజులూ ఆడవాళ్లు రుబ్బడం, తరగడం, వంట లాంటి పనులకు దూరంగా ఉంటారు. ఆడపిల్లలు ఊయలలూగుతారు. మన దిబ్బరొట్టెను గుర్తుచేసే పోడపిఠా లాంటివి ముందే చేసి పెట్టుకుంటారు. సరిహద్దు తెలుగు ఇళ్లకు ఇది సొంత పండగ కాకపోయినా, ఉగాదితో పాటు కొత్త బియ్యం పండగ నువాఖాయినీ జరుపుకునే ఇళ్లకు ఇంకో పండగ బరువు కాదు. అప్పటికి వేసవి సెలవులు ముగింపులో ఉంటాయి, ట్యూషన్ల హడావిడి ఇంకా మొదలవదు. నాన్నా పిల్లలూ కలిసి మూడు రోజులు అన్నం, పప్పు, ఒక వేపుడు వండితే సరిపోతుంది. మొదటి రోజు భోజనం రెండింటికి అవుతుంది. మూడో రోజుకు ఒంటిగంటన్నరకు రావచ్చు. సింకులో అంట్లు మాత్రం నాలుగో రోజు పొద్దున అమ్మ కోసం మిగలకూడదు.